అరబ్బీ పాట, పాతదీ కొత్తదీ: తరచుగా అడిగే ప్రశ్నలు

కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి వచ్చాను. చిన్నప్పుడు నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్న చెవి కావడంతో అక్కడి పాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చిన చుట్టాలు, ఫోన్ చేసే స్నేహితులు, గల్ఫ్ వెళ్ళబోయే కుర్రాళ్ళు తిప్పితిప్పి అవే సందేహాలు అడుగుతుంటే ఒకచోట రాసి పెట్టేస్తే పోతుందనిపించింది. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్ళండి.

## వినడం మొదలుపెట్టకముందు

మాకు తెలిసిందల్లా "హబీబీ హబీబీ"యే. వాళ్ళకీ శాస్త్రీయ సంగీతం అంటూ ఉందా?

ఉంది, చాలా పాతది కూడా. పదో శతాబ్దంలోనే అల్ ఫారాబీ సంగీతం మీద పెద్ద గ్రంథం రాశాడు. అయితే అందరిదీ ఒకే బాణీ అనుకోకండి. కైరోది ఒక దారి, సిరియాలోని అలెప్పోది ఇంకో దారి, బాగ్దాద్‌ది మరోటి, మొరాకో, అల్జీరియాల్లోని అందలూసీ సంప్రదాయం పూర్తిగా వేరు. వీళ్ళందరినీ కలిపేది మకామ్. మన రాగానికి దగ్గరి బంధువు అనుకోండి. పాత కచేరీ బృందాన్ని తఖ్త్ అంటారు. అందులో ఊద్ అనే మీటే తీగవాద్యం, ఒడిలో పెట్టుకుని మీటే డెబ్బై పైచిలుకు తీగల కానూన్, రెల్లు గొట్టంతో చేసే నాయ్, వయొలిన్, మన కంజీరకు అన్నలాంటి రిక్ ఉంటాయి. అంతే, నలుగురైదుగురు.

వాళ్ళ నోట ఎక్కువగా వినపడే మాట "తరబ్". పాట వింటూ ఒళ్ళు మరిచిపోయే స్థితికి ఆ పేరు. ఆ స్థితిని తెప్పించే సంగీతాన్నీ అదే పేరుతో పిలుస్తారు.

అరబీ ఒక్క ముక్క రాదు. వింటే ఏం అర్థమవుతుంది?

తమిళనాట త్యాగరాజ కీర్తన విని కళ్ళు తుడుచుకునే వాళ్ళలో ఎంతమందికి తెలుగు వచ్చు? ఆ ధైర్యంతోనే మొదలుపెట్టండి. పైగా మీకు రాదనుకుంటున్న మాటల్లో కొన్ని వచ్చే ఉంటాయి. దునియా, నసీబు, హవా అరబీ నుంచి మన దాకా నడిచొచ్చినవే. "హవా" అక్కడ గాలే, కొంచెం దీర్ఘం తేడాతో ప్రేమ కూడా. పాటల్లో వినిపించేది రెండోది. ఖల్బ్ అంటే గుండె. ఈజిప్ట్ వాళ్ళు ముందు అక్షరాన్ని మింగేసి "అల్బ్" అంటారు, కంగారు పడకండి. మాటలేమీ లేకుండా "యా లేల్, యా ఏన్" అని సాగదీస్తుంటే ఓ రాత్రీ, ఓ కన్నూ అని పిలుస్తూ రాగం తీస్తున్నారన్నమాట.

ఇంకో సంగతి. ఆడపిల్లను ఉద్దేశించి పాడే పాటలోనూ మగవాళ్ళను పిలిచే "హబీబీ"యే వాడటం పాత మర్యాద. ఎవరు ఎవరికి పాడుతున్నారో ఆ మాటను బట్టి తేల్చలేం.

అది మతానికి సంబంధించిన సంగీతం కదా అంటున్నారు మా ఇంట్లో.

నూటికి తొంభై పాటలు ప్రేమ, విరహం, నిద్రపట్టని రాత్రుల గురించే. పేరున్న గాయని ఫైరూజ్ లెబనాన్ క్రైస్తవురాలు. ఈజిప్ట్ సినిమాల్లో వెలిగిన లైలా మురాద్ యూదు కుటుంబంలో పుట్టింది. 1932లో కైరోలో జరిగిన అరబ్ సంగీత మహాసభకు ఇరాక్ పంపిన బృందంలో వాద్యకారులు దాదాపు అందరూ యూదులే. ఖురాన్ పఠనంలోనూ మకామ్‌లు వినిపిస్తాయి గానీ, దాన్ని సంగీతమంటే వాళ్ళు ఒప్పుకోరు. మీరూ అనకండి.

## మొదటిసారి విన్నప్పుడు

ఉమ్ కుల్సూమ్ పాట పెట్టాను. పది నిమిషాలవుతున్నా ఆవిడ నోరు విప్పలేదు! మొత్తం గంట ఉంది. ఎలా వినాలి?

పాటలా కాక కచేరీలా వినాలి. నైలు డెల్టాలోని పల్లెటూళ్ళో ఒక ఇమామ్ కూతురుగా పుట్టి, ఖురాన్ పఠనంతో గొంతు దిద్దుకుని, మగపిల్లాడి వేషంలో ఊరూరా పాడి కైరో చేరిన మనిషి ఆవిడ. 1930ల నుంచి నెలనెలా మొదటి గురువారం రాత్రి ఆవిడ కచేరీ రేడియోలో వచ్చేది. ఒక రాత్రిలో పాడేది రెండు మూడు పాటలే. కచేరీ ముగిసేసరికి అర్ధరాత్రి దాటేది.

అంత సేపు ఎందుకంటే ఆవిడ ఒకే వాక్యాన్ని ఐదుసార్లు, పదిసార్లు పాడుతుంది. ప్రతిసారీ కొంచెం మారుస్తుంది. మొదటిసారి తిన్నగా పాడుతుంది. రెండోసారి ఒక మాట దగ్గర ఆగుతుంది. మూడోసారి ఆ మాటనే పైస్థాయికి లాక్కెళ్ళి అక్కడినుంచి మెట్లు దిగుతుంది. చివర "కఫ్లా" అనే ముగింపు పడగానే హాలంతా "అల్లాహ్!" అని లేస్తుంది. ఆ కేక ఎంత గట్టిగా వస్తే ఆవిడ అంత వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకుంటుంది. సంగతులు, నెరవల్ తెలిసిన చెవికి దీనికి కొత్తగా పాఠం అక్కర్లేదు. శ్రోత కేక కూడా పాటలో భాగం కావడమే తేడా.

నేను క్షవరానికి వెళ్ళే చోట ఈజిప్ట్ నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. ఉమ్ కుల్సూమ్ 1966 నాటి పాట "అల్ అత్లాల్" రేడియోలో వస్తోందొకసారి. ప్రేమికుణ్ణి నా చేతులు వదిలెయ్యమని వేడుకునే చోటు వచ్చింది. ఆయన నా మెడ మీద నుంచి కత్తి తీసి గాల్లో పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ మళ్ళీ అదే పాడింది, మళ్ళీ పాడింది. సగం గీసిన గడ్డంతో నేను అద్దంలో ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. కఫ్లా పడింది, కళ్ళు మూసుకుని ఒక నిట్టూర్పు విడిచాడు, కత్తి మళ్ళీ మెడ మీదికొచ్చింది. తరబ్ అంటే ఏమిటని ఎవరడిగినా నేను చెప్పేది ఆ అద్దంలో చూసిందే.

మధ్యలో శ్రుతి తప్పినట్టు వినిపిస్తోంది. పాడేవాళ్ళదా, నా చెవిదా తప్పు?

ఎవరిదీ కాదు. పియానో మెట్ల మధ్య సందులో ఉండే స్వరాలవి. "రాస్త్" మకామ్ తీసుకోండి. అందులోని గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో నిలబడుతుంది. "బయాతీ"లో రిషభం శుద్ధానికీ చతుశ్రుతికీ నడుమ ఉంటుంది. మనం గమకంతో ఆ సందుల్లోంచి జారుకుంటూ పోతాం, వాళ్ళు అక్కడే మకాం వేస్తారు. అందుకే మనకు ఉలిక్కిపాటు.

ఆ మధ్య స్వరం సరిగ్గా ఎక్కడుండాలన్నది కైరో వాళ్ళకూ అలెప్పో వాళ్ళకూ ఎన్నటికీ తెగదు. 1932 మహాసభలో స్థాయిని 24 సమాన భాగాలు చేసేద్దామన్న మాట వచ్చింది. హంగరీ నుంచి బార్టోక్, జర్మనీ నుంచి హిండెమిత్ వంటి పాశ్చాత్య స్వరకర్తలు కూడా వచ్చిన సభ అది. లెక్క కాగితం మీద కుదిరింది, గొంతులు మాత్రం ఇప్పటికీ వాటి దారినే పోతున్నాయి. ఒక వారం రోజూ రాస్త్‌లో ఒక ఊద్ "తక్సీమ్", అంటే తాళం లేని ఆలాపన, వినండి. ఎనిమిదో రోజుకి ఆ గాంధారం తియ్యగా అనిపించకపోతే అప్పుడు అడగండి.

కొన్ని పాటలు అచ్చం మాయామాళవగౌళలా ఉన్నాయే? నిజమా, నా భ్రమా?

నిజమే. మీరు సరళీ వరుసలు నేర్చుకున్న మాయామాళవగౌళ స్వరాలే వాళ్ళ "హిజాజ్‌కార్"వి. అరబ్బీ వాసన అని మనం గుర్తుపట్టే "హిజాజ్"లో ప్రసిద్ధమైన రూపం వకుళాభరణం స్వరాలతో ఉంటుంది. "కుర్ద్" తోడి మేళం, "అజమ్" శంకరాభరణం, "నహావంద్" నటభైరవి. నిషాదం పెంచితే అదే కీరవాణి. "నిక్రీజ్" హేమవతి, "నవా అథర్" సింహేంద్రమధ్యమం.

ఈ పోలిక స్వరాల దగ్గర ఆగిపోతుంది, నడక వేరు. కుర్ద్‌లో పాడేవాళ్ళు తోడి గాంధారాన్ని ఊపరు, నేరుగా నిలబెడతారు. వాళ్ళ మకామ్ నాలుగైదు స్వరాల ముక్కల నుంచి పెరుగుతుంది, ఆ ముక్కను "జిన్స్" అంటారు. పాట మధ్యలో ముక్క మార్చి ఇంకో మకామ్‌లోకి దాటి, రెండు మూడు ఇళ్ళు తిరిగి, చివరికి సొంతింటికి రావడం వాళ్ళ విద్వత్తు. ఒక్క రాగంలోనే లోతుకి దిగడం మనది.

## చెవి కాస్త అలవాటయ్యాక

పాత సంగీతం ఎక్కడ ఆగింది, పాప్ ఎక్కడ మొదలైంది?

గీత గీయబోతే చెరిగిపోతుంది. 1920ల్లోనే గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. అందులో ఇమిడేలా "తక్తూకా" అనే చిన్న పాటలు కుప్పలుగా వచ్చాయి. 1923లో చిన్నవయసులోనే పోయిన సయ్యిద్ దర్వీష్ కూలీల, పడవవాళ్ళ మాటల్ని పాటలోకి తెచ్చాడు. ఈజిప్ట్ జాతీయగీతం బాణీ ఆయనదే. తర్వాత మహమ్మద్ అబ్దుల్ వహాబ్ సినిమాలతో, పాశ్చాత్య వాద్యాలతో తఖ్త్‌ను పెద్ద ఆర్కెస్ట్రా చేశాడు.

ఇప్పుడు అందరూ శాస్త్రీయమని దండం పెట్టే "ఎంత ఉమ్రీ" చూడండి. 1964లో ఉమ్ కుల్సూమ్, అబ్దుల్ వహాబ్ మొదటిసారి కలిసి చేసిన పాట. అందులో ఎలక్ట్రిక్ గిటార్ ఉంది! ఆ రోజుల్లో ఛాందసులు ముక్కు చిట్లించారు. వాద్యాన్ని చూసి పాతా కొత్తా తేల్చడం అందుకే కుదరదు.

నిజమైన విరుపు 1970ల్లో వచ్చింది. పెద్ద గాయకులు ముగ్గురు, ఫరీద్ అల్ అత్రాష్ 1974 డిసెంబరులో, ఉమ్ కుల్సూమ్ 1975 ఫిబ్రవరిలో, అబ్దుల్ హలీమ్ హాఫెజ్ 1977 మార్చిలో పోయారు. సరిగ్గా అప్పుడే క్యాసెట్ వచ్చింది. రేడియో కమిటీ ఒప్పుకోని అహ్మద్ అదవియా గొంతు టాక్సీల్లో, టీ కొట్లలో మోగింది. 1980ల చివరికి సింథసైజర్లతో కుర్రకారు పాట, దానికి "జీల్", అంటే తరం, అని పేరు. 1996లో అమ్ర్ దియాబ్ "నూర్ అల్ ఐన్"తో స్పానిష్ గిటార్, అకార్డియన్ కలిపిన ఆ పాట దేశాలు దాటింది.

మరి కొత్త పాటలో పోయిందేమిటి? క్వార్టర్ టోన్లు, అంటే ఆ సందు స్వరాలేనా?

అందరూ అలాగే అంటారు, నాకు నమ్మకం లేదు. కొన్ని మకామ్‌లు వెనకబడ్డ మాట నిజమే. గిటార్ మీద కార్డ్స్ పట్టాలంటే కుర్ద్, నహావంద్, అజమ్, హిజాజ్ సుఖం. రాస్త్, సీకా, సబా ఇబ్బంది పెడతాయి. అయినా పెళ్ళిపందిట్లో కీబోర్డ్ వాయించే కుర్రాడు ఒక మీట నొక్కి బయాతీలోకి దూకుతూనే ఉన్నాడు.

నా లెక్కలో పోయింది తిరిగి పాడటం. నాలుగు నిమిషాల స్టూడియో పాటలో పల్లవి నాలుగుసార్లు వస్తుంది గానీ నాలుగూ ఒకటే, కత్తిరించి అతికించినవే. ఎదురుగా "అల్లాహ్!" అనే మనిషి లేడు, గాయకుడు వెనక్కి తిరిగి అందుకోవడానికి కారణమూ లేదు. అదే గాయకుడు కచేరీలో పాడుతున్న వీడియో చూడండి. మధ్యలో వాద్యాలు ఆపించి ఒక "మవ్వాల్", అంటే తాళం లేకుండా సొంతంగా అల్లి పాడే ముక్క, ఎత్తుకోగానే జనం ఫోన్లు దించేస్తారు. విద్య ఎక్కడికీ పోలేదు, రికార్డింగ్ గదిలో దానికి చోటు లేదంతే.

లయ కూడా మారిందా? అన్నీ ఒకే దరువులా ఉన్నాయి.

కొత్త పాటల్లో ఎక్కువ భాగం "మక్సూమ్" మీదే నడుస్తాయి. చేత్తో బల్ల మీద కొట్టి చూడండి: దుమ్ తక్, ఆగి తక్, దుమ్, ఆగి తక్, ఆగు. ఎనిమిది మాత్రలు, దర్బుకా అనే చేతి డోలు మీద పడితే కాళ్ళు వాటంతటవే ఆడతాయి. పాత సంగీతంలో పెద్ద తాళాలుండేవి. వాటిలో పేరున్నది "సమాయీ తకీల్", పది మాత్రలు, 3, 2, 2, 3గా. డ్రమ్ మెషీన్‌కి ఇది కష్టమేమీ కాదు, డాన్సుకే కష్టం. అందుకే మూలపడింది. గల్ఫ్ వాళ్ళ పాట మాత్రం మక్సూమ్‌కి లొంగలేదు. చప్పట్లతో ఊగే ఖలీజీ, అంటే గల్ఫ్, దరువు దానిదే.

ఫైరూజ్ పాతా, కొత్తా?

రెండూ కాదు, ఫైరూజ్ ఉదయం. సిరియా, లెబనాన్ వాళ్ళ దుకాణాల్లో పొద్దున కాఫీతో ఆవిడ, రాత్రికి ఉమ్ కుల్సూమ్. రహబానీ సోదరులు ఆవిడ కోసం పొట్టి పాటలు, పల్లె బాణీలు, పాశ్చాత్య హార్మనీ కలిపారు. గంటల కొద్దీ సాగదీయకుండానే గుండె పట్టుకోవచ్చని చూపించింది ఆ ముగ్గురే.

మహరగానాత్ అంటే ఏమిటి? ఈజిప్ట్‌లో నిషేధించారట?

కైరో శివారు బస్తీల్లో 2000ల చివర పెళ్ళి డీజేల దగ్గర పుట్టిన పాట. కంప్యూటర్ బీట్లు, దట్టించిన ఆటోట్యూన్, వీధి భాష. 2020 ఫిబ్రవరిలో ఒక స్టేడియం కచేరీలో మద్యం, గంజాయి ప్రస్తావన ఉన్న పాట పాడారని గొడవై, సంగీతకారుల సంఘం ఆ గాయకుల్ని కచేరీలు చెయ్యనివ్వొద్దంది. అప్పుడు సంఘానికి అధ్యక్షుడు హానీ షాకిర్, పాత పద్ధతి గాయకుడు. పాట ఆగిందా అంటే, ఆటోల్లో దాన్నే వాయిస్తున్నారు. నాకు ఆ ఆటోట్యూన్ తలనొప్పి, కానీ 1970ల్లో అదవియా గురించీ ఇవే మాటలు అన్నారని మర్చిపోలేను.

ఇప్పటి పాప్ గాయకులకు నిజంగా పాడటం వచ్చా?

కొందరికి భేషుగ్గా వచ్చు. ఇరాక్ వాడు కాజిమ్ అల్ సాహిర్‌ని వినండి. నిజార్ కబ్బానీ రాసిన గ్రాంథిక అరబీ కవితలకు స్వయంగా బాణీ కట్టి, స్టేడియాలు నింపాడు. పాఠ్యపుస్తకపు భాషలో పాప్ హిట్టు! ఈజిప్ట్ వాళ్ళు షిరీన్, అంగామ్ గొంతుల్లో పాత శిక్షణ తెలుస్తుంది. నాన్సీ అజ్రమ్ 2003 నాటి వీడియోలతో పేరు తెచ్చుకుంది కాబట్టి ముఖమే తప్ప గొంతు లేదన్నారు. వేదిక మీద విన్నాక నేనా మాట అనలేను. టీవీ పోటీల్లో కూడా పిల్లల్ని పరీక్షించేది పాత తరబ్ పాటలతోనే. 2013లో అరబ్ ఐడల్ గెలిచిన గాజా కుర్రాడు మహమ్మద్ అస్సాఫ్ ఆ గీటురాయి మీద నిగ్గుతేలినవాడే.

## మనకూ వాళ్ళకూ మధ్య

మన సినిమా పాటలు అక్కడినుంచి ఎత్తుకొచ్చినవేనా?

కొన్ని ఎత్తుకొచ్చినవే. అమ్ర్ దియాబ్ 2000లో పాడిన "తమల్లీ మఆక్" విన్న మనవాళ్ళెవరైనా 2004 నాటి హిందీ సినిమా "మర్డర్"లోని "కహో న కహో" అని అరిచేస్తారు. మనమొక్కళ్ళమే కాదు. అబ్దుల్ హలీమ్ 1957లో పాడిన "ఖుసారా" వేణువు ముక్క అమెరికా ర్యాపర్ జే జీ పాటలోకి వెళ్ళి, ఏళ్ళ తరబడి కోర్టులో నలిగింది. ఇక హిజాజ్ నాలుగు స్వరాలు, కాస్త దర్బుకా వేసి "అరేబియన్ సాంగ్" అనడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న తేలిక దారి.

హైదరాబాద్ మర్ఫా అరబ్ సంగీతమేనా?

వేరు అక్కడిదే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు ఉన్నచోటు బార్కస్. బ్యారక్స్ అన్న మాటే అలా మారింది. వాళ్ళతోపాటు ఆఫ్రికా మూలాలున్న సిద్దీల దరువూ కలిసింది. మర్ఫా పూర్తిగా లయ సంగీతం, అందులో మకామ్ వెతక్కండి. పెళ్ళి బరాత్‌లో దాని ముందు నిలబడి కదలకుండా ఉండగలిగితే చెప్పండి.

దుబాయ్‌లో ఉంటున్నాం. రోజూ వినపడేవాటిలో ఏది పాప్, ఏది సంప్రదాయం?

మీకు రోజూ వినపడే ఒక పాట ఉంది, యూఏఈ జాతీయగీతం. దాని బాణీ అబ్దుల్ వహాబ్‌ది. పిల్లలు స్కూల్లో నిలబడి పాడుతున్నది ఉమ్ కుల్సూమ్‌కి "ఎంత ఉమ్రీ" ఇచ్చిన మనిషి స్వరాలే. ఎఫ్ఎమ్‌లో హుసేన్ అల్ జస్మీ, అహ్లామ్ పాడేది ఖలీజీ పాప్. సౌదీ వాడు మహమ్మద్ అబ్దూ రెండు ఒడ్లకూ వంతెన, ఊద్ పట్టుకుని కూర్చుంటే సంప్రదాయం, ఆర్కెస్ట్రాతో లేస్తే పాప్. కువైట్, బహ్రెయిన్‌లలో "సౌత్" అనే పాత ఊద్ పాట, ముత్యాల కోసం సముద్రంలోకి దిగినవాళ్ళ "ఫిజిరీ" పాట ఉన్నాయి. అవి వినే అవకాశం వస్తే సెలవు పెట్టైనా వెళ్ళండి.

మొదట ఏవి వినమంటారు?

వెనక నుంచి ముందుకు రండి. అమ్ర్ దియాబ్‌తో మొదలుపెట్టి, కాజిమ్ అల్ సాహిర్, ఆ తర్వాత ఫైరూజ్, ఆ పైన అబ్దుల్ హలీమ్ 1976లో పాడిన "కారియత్ అల్ ఫింజాన్". కాఫీ కప్పులో జాతకం చెప్పే ఆవిడ కథ అది, అరబీ రాకపోయినా నాటకంలా నడుస్తుంది. ఉమ్ కుల్సూమ్‌ని శుక్రవారం రాత్రికి ఉంచుకోండి. స్టూడియో రికార్డు వద్దు, జనం కేకలున్న కచేరీ రికార్డే వినండి. ఇయర్‌ఫోన్స్ కన్నా గదిలో స్పీకర్ మేలు.

మా అమ్మాయి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఈ పాటలు వాయించగలదా? కీబోర్డ్ మీద కుదురుతుందా?

వయొలిన్ మీద హాయిగా కుదురుతుంది. అరబ్ వయొలిన్ వాద్యకారులు తీగల్ని సోల్, రే, సోల్, రే అని కలుపుతారు. మన సా, పా, సా, పా అంతరాలే అవి. నాకీ సంగతి తెలిసింది కువైట్‌లో ఒక ఈజిప్ట్ వాద్యకారుడు నా వయొలిన్ అడిగి తీసుకుని, తీగ బిరడాలు ముట్టుకోకుండానే వాయించేసినప్పుడు. నేనా నాలుగు తీగలూ మా మాస్టారు చెప్పినట్టే కలిపి ఉంచాను. ఊద్‌కి మెట్లుండవు కాబట్టి అదీ పర్వాలేదు. వీణ మెట్లు మైనంలో దిగిపోయి ఉంటాయి కనుక రాస్త్ గాంధారం తీగ లాగి తేవాల్సిందే.

మామూలు కీబోర్డ్‌తో హిజాజ్, నహావంద్ దాకా సరి. రాస్త్, బయాతీ కావాలంటే "స్కేల్ ట్యూనింగ్" ఉన్న ఓరియంటల్ మోడల్ తీసుకోండి. కావలసిన స్వరాన్ని 50 సెంట్లు, అంటే పక్క స్వరానికి సగం దూరం, దించే మీట ఉంటుంది. కొనే ముందు దుకాణంలోనే ఆ మీట నొక్కించి చూడండి. నేను చూడకుండా కొన్నదాంట్లో ఆ సౌకర్యం మెనూలో ఆరు పేజీల లోపల ఉంది, పాట మధ్యలో అక్కడికి ఎవరు వెళ్తారు?